దాచబోతే దక్కని పాట

పోయినవారం ఈ శీర్షికలో తాటాకు గ్రంథాల సంగతి ముచ్చటించాను గదా. వెనకటి లేఖకులు గ్రంథం రాయడం ముగించి, చివర ఒక విన్నపం చేసుకునేవారనీ, నూనె తగలనివ్వకండి, నీళ్లు పడనివ్వకండి, కట్టు వదులు కానివ్వకండి, మూర్ఖుడి చేతిలో పెట్టకండి అని ప్రాధేయపడేవారనీ రాశాను. అది చదివి ఒక సోదరి ఉత్తరం రాశారు. "అమ్మా, ఆ నాలుగు గండాలూ తాటాకులకేనా? మావారు ఉద్యోగం విరమించాక మూడు నెలలుగా కంప్యూటరులో మా వంశచరిత్ర రాస్తున్నారు. నిన్న రాత్రి దాచిపెట్టే మీట నొక్కితే, దాచడానికి వీల్లేదని ఇంగ్లీషులో ఏదో వచ్చిందట. ఆయన అన్నం తినకుండా దాని ముందే కూర్చున్నారు. మీరు చదువుకున్నవారు, ఏదైనా ఉపాయం చెప్పగలరా?" అని.

నేను చదువుకున్న చదువు వేరమ్మా. ప్రబంధంలో శ్లేష విప్పమంటే విప్పుతాను గాని, యంత్రం మాటల్లో శ్లేష విప్పడం నాకెక్కడ వచ్చు? అయితే తేలు కుట్టినవాడికి మంత్రం రాకపోయినా, ఏ మంత్రగాడి దగ్గరికి పరుగెత్తాలో తెలుస్తుంది. నన్ను 2024 సంక్రాంతికి ఆ తేలు కుట్టింది. అంచేత ఈ వారం ఆ కథే.

కథకు ముందు ఆ సోదరికి అర్జంటుగా చెప్పవలసిన మాట ఒకటుంది, మిగతావారూ వినండి. దాచను పొమ్మన్నంత మాత్రాన రాసినది పోలేదు. ఆ రాత తెర మీద కనబడుతున్నంతసేపూ బతికే ఉన్నది. మీవారు దాన్ని మూయకూడదు, కంప్యూటరు ఆర్పకూడదు. కంట్రోలు మీట పట్టుకుని 'ఏ' నొక్కితే రాతంతా ఎంపికవుతుంది. 'సి' నొక్కితే నకలు తయారవుతుంది. కొత్త ఫైలు తెరిచి 'వి' నొక్కితే అందులోకి దిగుతుంది. దానికి పొట్టి పేరు పెట్టి వేరేచోట దాచమనండి. ఇంతవరకూ పెన్ డ్రైవులో దాస్తుంటే కంప్యూటరులోనే దాచమనండి. కంప్యూటరులో దాస్తుంటే పెన్ డ్రైవులో దాచమనండి. అదీ కుదరకపోతే ఆ రాతనంతా తమకు తామే ఈమెయిలు పంపుకోమనండి. ఏదీ సాగకపోతే ఫోనుతో తెరను పేజీ వెంట పేజీ ఫోటోలు తీయమనండి. ఆ తరువాత అన్నం తినమనండి. కారణాలు రేపు వెతుక్కోవచ్చు.

ఈ నాలుగు మాటలూ ఆనాడు నాకెవరైనా చెప్పి ఉంటే!

మా పెద్ద మేనత్తది కోనసీమ. అప్పటికి ఎనభైనాలుగేళ్లు. చూపు మందగించింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, నిన్న ఎవరు వచ్చారో గుర్తుండదు. పాటలు మాత్రం గుర్తే. గొబ్బి పాటలు, లాలి పాటలు, తలుపు దగ్గర పాటలు, వియ్యపురాలిని ఎగతాళి చేసే పాటలు, హారతి పాటలు, తిరగలి పాటలు, అన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి. ఏ పుస్తకంలోనూ చూసినవి కావు. ఆవిడ తల్లి నోటినుంచి, అత్తగారి నోటినుంచి పట్టుకున్నవి. ఇలాంటివి పోగుచేయడం మా తెలుగువాళ్లకు కొత్త పనేం కాదు. బిరుదురాజు రామరాజుగారు ఊళ్లు తిరిగి జానపద గేయాల మీద పరిశోధన చేసి 1958లో గ్రంథం అచ్చువేశారు. ఆయన కాలంలో పల్లెకొక అత్తయ్య ఉండేది. ఇప్పుడు మా వంశానికంతటికీ ఒక్క అత్తయ్యే ఉన్నది.

ఫోనులో రికార్డు చేయవచ్చు గదా అంటారేమో. చేయబోయాను. ఫోను మొహం ముందు పెడితే ఆవిడకు నోరు పెగలదు. "దాన్ని అవతల పెట్టవే, ఎవరో గోడచాటున నిలబడి విన్నట్టుంటుంది" అంటుంది. అందుకని ఆవిడ చెబుతూ ఉంటే నేను టైపు చేసుకుందామని, కంప్యూటరు చంకనేసుకుని పండక్కి వెళ్లాను.

భోగినాటి సాయంత్రం వసారాలో కూర్చున్నాం. గంటన్నరలో అయిదు పాటలు. నా వేళ్లు ఆవిడ గొంతును అందుకోలేక ఆయాసపడ్డాయి. ముగించి, దాచుదామని పేరు పెట్టాను: "అత్తయ్య పాటలు: భోగి, 14/1/2024". ఎంత ముచ్చటైన పేరు! యంత్రం ఒప్పుకోలేదు. ఫైలు పేరు చెల్లదన్నది. నేను మళ్లీ నొక్కాను. అది మళ్లీ అదే అన్నది. తెలుగు పేరంటే దీనికి చిన్నచూపు కాబోలుననుకుని నాకు ఒళ్లు మండింది.

"ఏమిటే, ఏమంటోందీ?" అన్నది అత్తయ్య.

"పేరు బాగులేదంటోంది అత్తయ్యా."

"బారసాల దానింట్లోనా, మనింట్లోనా?"

నిజానికి తప్పు తెలుగుది కాదు. విండోస్‌లో ఫైలు పేరులో తొమ్మిది గుర్తులు నిషిద్ధం. రెండు రకాల ఏటవాలు గీతలు, రెండు చుక్కలు, నక్షత్రం, ప్రశ్నార్థకం, ఉటంకింపు గుర్తు, అటూ ఇటూ వాలిన బాణం కొనలు రెండు, నిలువుగీత. ఇవి యంత్రం తన సొంత పనులకు కేటాయించుకున్నవి. ఏటవాలు గీత ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయే గుమ్మమన్నమాట. నేను 14/1/2024 అని తేదీ వేస్తే, ఏదో గదిలో ఇంకో గది వెతకమన్నానని దానికి తోస్తుంది. రెండు చుక్కలు డిస్కు పేరు తరువాత వచ్చేవి. అంచేత తేదీలో గీతల బదులు అడ్డగీతలు వేసుకుని 14-1-2024 అంటే ఏ పేచీ లేదు. మా విద్యార్థి ఒకాయన తన వ్యాసానికి ప్రశ్నార్థకంతో ముగిసే పేరు పెట్టి, అదే పేరుతో ఫైలు దాచబోయి ఒక పూటంతా తంటాలు పడ్డాడని తరువాత విన్నాను.

ఇంకో వింత. ఇంగ్లీషులో సి-ఓ-ఎన్ అనే మూడక్షరాల పేరుతో విండోస్‌లో ఫైలు పెట్టలేం. పి-ఆర్-ఎన్, ఎ-యు-ఎక్స్, ఎన్-యు-ఎల్ కూడా అంతే. అవి పాత డాస్ కాలంనుంచి కీబోర్డు, ప్రింటరు వంటి పరికరాలకు పెట్టిన పేర్లు. ఆ కాలం పోయినా ఆ పేర్లు ఇంకా తీసిపెట్టే ఉంచారు, పోయిన తాతగారి కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వనట్టు. అదే పేరు తెలుగు లిపిలో రాస్తే మాత్రం నిక్షేపంగా ఒప్పుకుంటుంది. తెలుగంటే చిన్నచూపనుకున్న నా కోపం ఎంత అన్యాయమో చూడండి.

పేరు పొడవు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు డిస్కు పేరు మొదలు, గదులన్నిటి పేర్లూ కలుపుకుని, ఫైలు పేరు చివరిదాకా మొత్తం 260 అక్షరాలు మించకూడదు. 2016 తరువాతి విండోస్‌లో ఈ హద్దు సడలించుకునే వీలున్నది గాని, ప్రోగ్రాము కూడా దానికి సిద్ధపడి ఉండాలి. ఏం, 260 చాలవా అంటారు. మన లెక్క వేరు, దాని లెక్క వేరు. మనకు "స్త్రీ" ఒక్క అక్షరం. దానికి ఆరు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారపు గుడి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పునుంచీ తెలుగుకు ఇదే పద్ధతి. లైనక్స్ వాడేవారికి ఇంకొంచెం ఇరుకు. అక్కడ మామూలుగా ఒక్కో పేరుకు 255 బైట్లు హద్దు. తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు తింటుంది. అంటే పొల్లులూ గుణింతాలూ కలిపి 85. మా పరిశోధక విద్యార్థులు సిద్ధాంతవ్యాసం శీర్షికంతా గదికి పేరు పెట్టి, ఆ గదిలో ఇంకో శీర్షిక గది, అందులో అధ్యాయం గది, అలా సమాసం మీద సమాసం అల్లుకుంటూ పోతారు. ఆఖరి గదిలో ఫైలు దాచబోతే యంత్రం అడ్డం తిరుగుతుంది. వ్యాకరణ దోషం లేకపోవచ్చు గాని ఊపిరి చాలదు.

సరే, భోగినాడు మా బావ కొడుకు వచ్చి, గీతలూ చుక్కలూ తీసేసి, అయిదు పాటలూ పెన్ డ్రైవులో దాచిపెట్టాడు. "ఓస్, ఇంతేనా" అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

కనుమనాటి సాయంత్రం పెన్ డ్రైవు గుచ్చి, అందులోని ఫైలునే తెరిచి, దాని కిందనే కొత్త పాటలు రాయడం మొదలుపెట్టాను. మూడు పాటలయ్యాయి. దీపాలు పెట్టే వేళయింది. అత్తయ్య కాసేపు ఊరుకుని, "ఒక పాటుందే. మా అత్తగారు తిరగలి దగ్గర పాడేది. ముప్పయ్యేళ్లయి నేనే అనుకోలేదు. ఇప్పుడెందుకో నోట్లోకి వస్తోంది, రాసుకో" అన్నది.

పెళ్లికూతురు పడవలో అత్తవారింటికి పోతున్నది. కాలవ వెంట రేవు తరువాత రేవు వస్తుంది. ఒక్కో రేవు పేరూ ఒక్కో చరణం. ఆ రేవులో ఎవరెవరు నీళ్లకు వచ్చారో, ఏమడిగారో, పిల్ల ఏం చెప్పిందో. తొమ్మిది రేవులు. ఆ పేర్లలో సగం నేనెప్పుడూ వినలేదు. పడవలు పోయి రోడ్లు పడ్డాక ఆ రేవులు ఎవరికి కావాలి? పటాల్లో ఉండవు. ఆ పాటలో ఉన్నాయి. ఆవిడ కళ్లు మూసుకుని చెబుతూ ఉంటే వసారా అంతా నిశ్శబ్దమయింది. నేను దాచే మీట సంగతి మరిచిపోయాను. ఆ సాయంత్రం మొదలుపెట్టింది లగాయతు ఒక్కసారీ నొక్కలేదు.

తొమ్మిదో రేవు కూడా అయింది. అప్పుడు నొక్కాను. దాచడానికి వీలుపడదన్నది.

తిరిగి చూస్తే, కంప్యూటరుకు పక్కన గుచ్చిన పెన్ డ్రైవు లేదు. అత్తయ్య మునిమనవడు, ఏడేళ్లవాడు, లోపల టీవీకి దాన్ని గుచ్చి సినిమా పాటల కోసం వెతుకుతున్నాడు. మా అక్కయ్య వాణ్ణి రెండు అంటించబోతే నేనే అడ్డుపడ్డాను. వాడికేం తెలుసు? వసారాలో పాత పాటలు, లోపల కొత్త పాటలు, మధ్యన అంగుళమంత పెన్ డ్రైవు.

దాన్ని తెచ్చి మళ్లీ గుచ్చాను. మీట నొక్కాను. యంత్రానికి అప్పటికే నమ్మకం చెదిరినట్టుంది, ఏదో దారి లేదన్నది, అనుమతి లేదన్నది. మూడుసార్లు నొక్కాను. నాకు చెమటలు పట్టాయి. మా ఇంట్లో టీవీ మొరాయిస్తే ఆర్పి వెలిగిస్తాం, పని చేస్తుంది. ఆ తెలివి ఇక్కడ ప్రయోగించాను. మూసే గుర్తు నొక్కాను. "దాచనా, దాచవద్దా, ఆగనా" అని మూడు మాటలు అడిగింది. దాచమన్నాను, మళ్లీ అదే గోల. విసుగెత్తి మధ్య మాట నొక్కాను.

తెర తెల్లబడింది. అంత సులువుగా ఒప్పుకున్న పని అది ఆ రోజు మొత్తంలో ఇదొక్కటే.

ఆ రాత్రి మా కాలేజీలో కంప్యూటరు లాబు చూసుకునే కుర్రాడికి ఫోను చేశాను. పండగపూట, భోజనం వేళ. అయినా ఓపిగ్గా విన్నాడు. "మేడమ్, ఎందుకు మూశారు?" అన్నాడు, అంతకన్న ఏమీ అనలేదు. వైద్యుడు రోగిని "ఎందుకు తిన్నారు" అన్నట్టుగా.

వాడు చెప్పిందాన్ని నా భాషలో చెబుతాను. మనం టైపు చేస్తున్నంతసేపూ రాత పలక మీద ఉంటుంది. పలకంటే యంత్రం తాత్కాలిక జ్ఞాపకం. కరెంటు పోయినా, మూసేసినా తుడుచుకుపోతుంది. దాచడమంటే పలక మీదిది పుస్తకంలోకి ఎక్కించడం. పుస్తకం అంటే డిస్కో, పెన్ డ్రైవో. వర్డ్ వంటి ప్రోగ్రాములు మన మతిమరుపు తెలిసి, మామూలుగా పది నిమిషాలకొకసారి పలక మీదిదాన్ని తమంత తామే ఒక చిత్తుకాగితం మీద ఎక్కించుకుంటాయి. ఆ చిత్తు మన ఫైలు ఉన్నచోట ఉండదు. కంప్యూటరు సొంత డిస్కులో ఒక మూల ఉంటుంది. పెన్ డ్రైవు ఊడినా దానికి భయం లేదు. మనం దాచవద్దని మూసేసినా ఆఖరి చిత్తును కొన్నాళ్లు అట్టే పెడతాయి.

"ఫైలు మళ్లీ తెరవండి మేడమ్. పైన ఫైల్ అన్నచోట నొక్కి, ఇన్ఫో అన్నది చూడండి. మేనేజ్ డాక్యుమెంట్ పక్కన ఏమైనా ఉందా?"

ఉన్నది. నేను దాచకుండా మూసినప్పటిదని బ్రాకెట్లలో రాసి, పక్కన టైము వేసి ఉన్నది. ఆరు గంటల యాభైరెండు నిమిషాలు. నా చేతులు వణికాయి. తెరిచాను. మూడు పాటలూ ఉన్నాయి. నాలుగో పాట పేరున్నది. మొదటి రేవున్నది. రెండో రేవులో నీళ్లకు వచ్చినవాళ్లు ఏదో అడగబోతున్నారు. అక్కడ ఆగిపోయింది. తరువాతి చిత్తుకు ఇంకా టైము కాలేదు. ఆ నిమిషాల్లోనే ఏడు రేవులు దాటిపోయాం.

ఎన్నడూ పేరు పెట్టని ఫైలైతే అక్కడే "రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్" అని ఇంకో ద్వారం ఉన్నది, అందులో వెతకాలి. అయితే అది ఎల్లకాలం ఉంచదు, నాలుగైదు రోజుల్లో ఊడ్చేస్తుంది కాబట్టి వెంటనే వెతకాలి. పది నిమిషాల గడువును రెండు నిమిషాలకో, నిమిషానికో తగ్గించుకోవచ్చు కూడా. ఫైల్, ఆప్షన్స్, సేవ్ అన్నచోట. నేనిప్పుడు నిమిషానికి పెట్టుకున్నాను. దీన్నీ, పైన మూలన కనిపించే ఆటోసేవ్ అనే మీటనూ ఒకటిగా పొరబడకండి. ఆటోసేవ్ క్షణక్షణమూ అసలు ఫైలునే దాస్తుంది, కాని ఫైలు ఇంటర్నెట్ గిడ్డంగిలో, అంటే వన్‌డ్రైవ్ వంటిదాంట్లో, ఉంటేనే. పెన్ డ్రైవు ఫైలుకు అది పలకదు.

ఆ కుర్రాడే ఇంకో రహస్యం చెప్పాడు. నాకు చాలా నచ్చింది. దాచమన్నప్పుడు వర్డ్ పాత ఫైలు మీదనే కొత్త రాత దిద్దదట. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ మార్చినట్టు చేస్తుందట. ముందు పక్కన కొత్త జాడీ పెట్టి, అందులోకంతా నింపి, నిండాక పాతదాన్ని తీసేసి, కొత్తదానికి పాత పేరే కడుతుంది. మధ్యలో ఏదైనా ప్రమాదం జరిగినా పాతదైనా మిగలాలని ఆ ఏర్పాటు. అంచేత అలమారులో రెండు జాడీలకు చోటుండాలి. డిస్కు నిండితే దాచలేననడం ఇందుకే. ఆ గదిలో కొత్తది పెట్టడానికీ, పాతది తీయడానికీ కూడా మనకు అధికారం ఉండాలి. ఆఫీసు కంప్యూటరులో ఇతరుల గదిలో ఫైలు చదవగలిగి, దాచలేకపోవడం చాలామందికి అనుభవమే. చూడనిచ్చారు గాని ముట్టుకోనివ్వలేదన్నమాట.

ఒక్కొక్కసారి ఇంకో చిత్రం జరుగుతుంది. "ఈ ఫైలును ఫలానావారు వాడుతున్నారు, మీరు మార్చడానికి వీల్లేదు" అంటుంది. చూస్తే ఆ ఫలానావారు మనమే! ఫైలు తెరవగానే వర్డ్ దాని పక్కన మనకు కనబడకుండా చిన్న చీటీ ఒకటి అంటిస్తుంది, ఫలానావారు లోపలున్నారని. మూయగానే చీటీ చింపేస్తుంది. కరెంటు పోయో, యంత్రం బిగుసుకుపోయో అర్ధంతరంగా ఆగితే చీటీ మిగిలిపోతుంది. మర్నాడు మనం వెళితే, లోపల ఎవరో ఉన్నారని మన గదిలోకి మనల్నే రానివ్వదు. ప్రోగ్రాము పూర్తిగా మూసి, కంప్యూటరు ఆర్పి వెలిగించి చూడాలి. అప్పటికీ వదలకపోతే ~$ అనే గుర్తులతో మొదలయ్యే ఆ చీటీని వెతికి చెరిపేయాలి. లిబ్రాఫీస్‌లోనూ ఇలాంటి చీటీయే ఉన్నది, పేరు వేరు. చూశారా, ఆర్పి వెలిగించే నా టీవీ వైద్యం ఇక్కడ పనికొస్తుంది. నేను చేసిన తప్పు వైద్యంలో లేదు, రాత ఇంకా పలక మీద ఉండగా చేయడంలో ఉంది.

2017నుంచి విండోస్ 10లో ఒక కాపలావాడు కూడా వచ్చాడు. మన ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు గుంజే దొంగ ప్రోగ్రాములనుంచి కాపాడడానికి. ఎవరైనా ఆ కాపలా పెట్టిస్తేనే ఉంటాడు. ఉంటే, తనకు తెలియని ప్రోగ్రామును డాక్యుమెంట్ల గదిలో రాయనివ్వడు. ఆ ప్రోగ్రాము పాపం కారణం తెలియక, ఫైలే లేదని వాపోతుంది. మంచి ప్రోగ్రాము ఒకటి హఠాత్తుగా ఆ గదిలో మాత్రమే దాచలేకపోతే కాపలావాణ్ణి అనుమానించి, విండోస్ సెక్యూరిటీలో మన ప్రోగ్రాము పేరు వాడికి చెప్పిపెట్టాలి. జిప్ మూట విప్పకుండా అందులోంచే ఫైలు తెరిచి దిద్దేవాళ్లకూ ఇలాంటి అవస్థే. అది తాత్కాలికమైన నకలు. ముందు మూట విప్పుకోవాలి. పెళ్లి వీడియో పెన్ డ్రైవులోకి ఎక్కించబోతే, ఇరవై గిగాబైట్ల ఖాళీ ఉండి కూడా పట్టదన్నదని మా పక్కింటివారు గింజుకున్నారు. అది పెన్ డ్రైవు అమరిక వల్ల. ఫ్యాట్32 అనే పాత అమరికలో ఒక్కొక్క ఫైలు నాలుగు గిగాబైట్లు మించరాదు.

ఇవన్నీ దాచను పొమ్మనే జబ్బులు. వీటికన్న ప్రమాదమైనది, దాచానని చెప్పి నాశనం చేసే జబ్బు. దాన్ని తెలుగువాళ్లం ప్రత్యేకంగా ఎరిగి ఉండాలి. పాత నోట్‌పాడ్ మామూలుగా ఆన్సీ అనే పద్ధతిలో దాచేది. అందులో తెలుగుకు చోటు లేదు. కొన్ని అక్షరాలు పోతాయని హెచ్చరించేది గాని, ఇంగ్లీషు హెచ్చరికను చదివేదెవరు? సరేనని నొక్కేవాళ్లం. మర్నాడు తెరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలు! అవి మళ్లీ అక్షరాలు కావడం అసంభవం. 2019నుంచి నోట్‌పాడ్ యూటీఎఫ్-8 పద్ధతిలోనే దాస్తున్నది కాబట్టి ఆ బెడద తగ్గింది. ఎక్సెల్‌లో మాత్రం ఇంకా ఉన్నది. తెలుగు పేర్ల పట్టికను సీఎస్వీగా దాచేటప్పుడు యూటీఎఫ్-8 అని పక్కన రాసి ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఒక గుమాస్తాగారు మామూలు సీఎస్వీ ఎంచుకుని, అరవైమంది పిల్లల పేర్లను ప్రశ్నార్థకాలు చేసి నాకు పంపారు. మార్కులు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఎవరివో తెలియదు.

మర్నాడు ముక్కనుమ. పొద్దున్నే అత్తయ్య దగ్గర కూర్చుని సంగతి చెప్పాను. దాచే ఉద్దేశం కూడా లేకపోలేదు. ఏమీ జరగనట్టు "ఆ పాట మళ్లీ వినాలనుందత్తయ్యా" అనవచ్చు. కాని ఆవిడతో అబద్ధమాడితే ఇట్టే పట్టేస్తుంది.

"పోతే పోయిందిలేవే. నా నోట్లో ఉందిగా" అన్నది.

మొదలుపెట్టింది. ఒకటో రేవు, రెండో రేవు, మూడో రేవు. నాలుగోదానికి ముందు తడబడి, అయిదోది అందుకున్నది. వెనక్కి వచ్చింది. దొరకలేదు. ఎనిమిదో రేవు దగ్గర మళ్లీ అంతే. సాయంత్రం ఇంకోసారి ప్రయత్నించింది. రాత్రి పడుకోబోతూ నన్ను పిలిచి నాలుగోదాని మొదటి మాట చెప్పింది. పొద్దున్నకు అది వేరే పాటలోదని తనే అన్నది. తరగతిలో పాఠాంతరాల గురించి నేను గంటలు గంటలు ఉపన్యసిస్తాను. బ్రౌనుదొర వేమన పద్యాలకు ఎన్ని ప్రతులు పోగుచేయించి పోల్చి చూశాడో చెబుతాను. ఈ పాటకు ప్రతి ఒక్కటే, ఆ ప్రతి నిన్న సాయంత్రం నా ఎదుట పూర్తిగా తెరుచుకున్నది.

"రెండు రేవుల్లో పడవ ఆగలేదనుకోవే" అన్నది అత్తయ్య, నా మొహం చూసి.

ఎనిమిదో రేవు పేరు నాకు గుర్తున్నది, వింటున్నప్పుడు వింతగా తోచి. చరణం గుర్తులేదు. ఫైలులో ఆ పేరు ఒక్కటే రాసి, కింద నాలుగు పంక్తుల ఖాళీ వదిలాను. నాలుగోదానికి అంకె మాత్రమే ఉన్నది. ఆ ఫైలిప్పుడు మూడుచోట్ల ఉన్నది: నా కంప్యూటరులో, మా బావ ఇంట్లో, నాకు నేను పంపుకున్న ఈమెయిలులో.

ఆ ముక్కనుమనాడు పాట రెండోసారి రాసుకుంటున్నప్పుడు, ఒక్కో చరణం కాగానే కంట్రోలు పట్టుకుని 'ఎస్' నొక్కుతూ వచ్చాను. ఆ టకటక చప్పుడు అత్తయ్య కనిపెట్టింది. తరువాతనుంచి చరణం చివర తనే ఆగేది. కళ్లు తెరవకుండానే, "నొక్కావుటే?" అనేది. నొక్కానంటేనే పడవ ముందుకు కదిలేది.